డాక్టర్‌కి చెప్పని ఒక్క మాట: వేప్, పెదాల మంట, చేతి దురద

ఈరోజు ఎపిసోడ్ కొంచెం వేరుగా ఉంటుంది. ఎప్పుడూ వేరేవాళ్ల సంగతులు చెప్తుంటాను కదా, ఈసారి నా సంగతే.

ముందు ఈ ఫోటో చూడండి. ఇది నా కుడి చెయ్యి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు. ఈ మూడు వేళ్ల లోపలి వైపు చర్మం ఎర్రగా అయ్యి, పొట్టు లేచి, అక్కడక్కడా పగిలి ఉంది. రెండో ఫోటో నా నోరు. పెదాల అంచులు ఎండిపోయి చీలాయి, నోటి చుట్టూ చిన్న చిన్న ఎర్ర పొక్కులు. ఫిల్టర్ ఏమీ వెయ్యలేదు. ఈ ఫోటోలు తీసినప్పుడు నేను వీడియోలు ఆపేసి నెల అయ్యింది. ఎందుకు ఆపేశానో అప్పట్లో అడిగితే, ఆఫీసులో పని ఎక్కువగా ఉంది అని చెప్పాను. అది అబద్ధం. ఈ మొహంతో కెమెరా ముందుకు రాలేక ఆపేశాను.

దీనికి కారణం వేప్. ఈ-సిగరెట్.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు. ఒకటి, నేను డాక్టర్‌ని కాను. నాకు జరిగింది, నన్ను చూసిన స్కిన్ డాక్టర్ నాకు అర్థమయ్యేలా చెప్పింది, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నది, అంతే చెప్తాను. రెండు, ఈ వీడియో పెట్టే ముందు మా అమ్మకి చూపించాను. ఎందుకు చూపించాల్సి వచ్చిందో చివర్లో మీకే అర్థమవుతుంది.

సరే, కథలోకి వద్దాం.

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాను, హాస్టల్‌లో ఉంటాను. సిగరెట్ ఎప్పుడూ తాగలేదు. ఆ వాసనే నాకు పడదు. వేప్ మాత్రం ఒక ఫ్రెండ్ పుట్టినరోజు నాడు చేతిలోకి వచ్చింది. మామిడిపండు వాసన. "ఇది పొగ కాదే, ఆవిరి" అంది ఆ పిల్ల. నిజమే అనుకున్నాను. ఇంట్లో జలుబు చేస్తే ఆవిరి పట్టుకోమంటారు కదా, అలాంటిదేదో అన్నట్టు ఉంది వినడానికి. మొదట ఆమెది అడిగి తీసుకునేదాన్ని. తర్వాత తెలిసినవాళ్ల ద్వారా సొంతంగా ఒకటి తెప్పించుకున్నాను. పెన్ను కంటే కొంచెం లావు, పైన మెరిసే లోహపు గొట్టం. మామిడి అయ్యాక మింట్, మింట్ అయ్యాక దాల్చినచెక్క వాసన వచ్చేది ఒకటి. దాదాపు రెండేళ్లు. ఆఫీసు బాత్రూమ్‌లో, హాస్టల్ టెర్రస్ మీద, రాత్రి పడుకునే ముందు కిటికీ దగ్గర.

రెండో ఏడు చలికాలంలో పెదాలు ఎండిపోవడం మొదలైంది. హైదరాబాద్ చలికి అందరికీ పగులుతాయి కదా అనుకున్నాను. లిప్ బామ్ కొన్నాను. తగ్గలేదు. ఇంకోటి కొన్నాను. అలా ఐదు లిప్ బామ్‌లు మార్చాను. నెయ్యి రాశాను, కొబ్బరినూనె రాశాను. టూత్‌పేస్ట్ మార్చాను. ఈలోగా కుడిచేతి వేళ్లకి దురద. రాత్రి నిద్రలో గోక్కుంటుంటే మా రూమ్మేట్ లేపేది. గిన్నెల సబ్బు పడలేదేమో అనుకుని గ్లవ్స్ కొన్నాను. శానిటైజర్ మానేశాను. అన్నీ మార్చాను, ఒక్క వేప్ తప్ప. అసలు దాని మీద అనుమానమే రాలేదు.

తర్వాత అందరం చేసే తప్పే నేనూ చేశాను. మెడికల్ షాప్‌కి వెళ్లి, "అన్నా, దురదకి ఏదైనా క్రీమ్ ఇవ్వు" అన్నాను. చీటీ అడగలేదు, ఒక ట్యూబ్ ఇచ్చాడు. రాస్తే మూడు రోజుల్లో మొత్తం పోయింది. అబ్బ, ఎంత మంచి క్రీమో అనుకున్నాను. ఆపిన నాలుగో రోజుకి రెట్టింపై తిరిగొచ్చింది. మళ్లీ రాశాను. ఈసారి నోటి చుట్టూ పొక్కులు లేచాయి. ఆ ట్యూబ్‌లో స్టెరాయిడ్ ఉందని నాకు తెలీదు. మొహం మీద, ముఖ్యంగా నోటి చుట్టూ, స్టెరాయిడ్ క్రీమ్ సొంతంగా రాసుకుంటూ పోతే అదే ఇలాంటి పొక్కులు తెప్పిస్తుంది. రాస్తే తగ్గుతుంది, ఆపితే పెరుగుతుంది, మళ్లీ రాస్తాం. ఇక ఆ ట్యూబ్‌ని వదల్లేం. వేప్ లాంటిదే ఇంకో అలవాటు అన్నమాట.

ఆ టైమ్‌లో అమ్మ ఊరి నుంచి వచ్చింది. మాది ప్రకాశం జిల్లా, టంగుటూరు దగ్గర పల్లె. బస్సు దిగి నన్ను చూడగానే, "ఏందే, మూతికి ఏమైంది? మిరపకాయ నమిలినట్టుంది" అంది. మర్నాడు పొద్దున్నే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది.

అక్కడ జరిగింది నాకు ఇప్పటికీ గుర్తుంది. డాక్టర్ గారు వరసగా అడుగుతున్నారు. కొత్త పేస్ట్ ఏమైనా వాడుతున్నావా అమ్మా? లిప్‌స్టిక్? ఫేస్‌వాష్? అన్నిటికీ చెప్పాను. తర్వాత, "సిగరెట్ లాంటివి ఏమైనా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న అమ్మ, "అయ్యో, మా పిల్లకి అట్టాంటి అలవాట్లు లేవు డాక్టర్ గారూ" అంది. అంత నమ్మకంగా అంది. నేను తల ఊపాను.

మనసులో ఏమనుకున్నానో తెలుసా? వేప్ సిగరెట్ కాదు కదా, కాబట్టి ఇది అబద్ధం కిందికి రాదు అనుకున్నాను. డాక్టర్ గారు నేను చెప్పినదాన్ని బట్టి మందులు రాశారు. ఆయన తప్పేం లేదు. నేను సగం చెప్తే ఆయన మాత్రం పూర్తి మందు ఎలా ఇస్తారు? ఇంకో రెండు నెలలు అలాగే గడిచాయి.

రెండోసారి వేరే డాక్టర్ దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్లాను. ఆవిడ నా రెండు చేతులూ టేబుల్ మీద పెట్టమన్నారు. చాలాసేపు చూశారు. "గిన్నెల సబ్బు అంటున్నావు. గిన్నెలు ఒంటి చేత్తో కడుగుతావా?" అన్నారు. లేదండీ అన్నాను. "మరి సబ్బయితే రెండు చేతులకీ రావాలి కదా. కుడిచేతిలో ఈ మూడు వేళ్లకే ఎందుకొచ్చింది?" అన్నారు.

తర్వాత అడిగిన ప్రశ్నకి నేను ఆశ్చర్యపోయాను. "నీకు గిల్టు కమ్మలు పడవు కదూ?" అన్నారు. నిజంగానే పడవు. ఇంటర్‌లో ఉన్నప్పుడు జాతరలో కొన్న జూకాలు పెట్టుకుంటే రెండో రోజుకి చెవి తమ్మెలు వాచి నీరు కారేది. జీన్స్ గుండీ తగిలే చోట బొడ్డు కింద దురద వచ్చేది. అవన్నీ నేను ఎప్పుడో మర్చిపోయాను. "అది నికెల్ ఎలర్జీ అమ్మా. ఇప్పుడు చెప్పు. ఈ మూడు వేళ్లతో రోజూ పట్టుకునే లోహపు వస్తువు, నోటి దాకా వెళ్లేది, ఏదైనా ఉందా?"

అది నా హ్యాండ్‌బ్యాగ్‌లో, నా ఒళ్లోనే ఉంది.

ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు నేను. తర్వాత బయటికి తీసి టేబుల్ మీద పెట్టాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. డ్రాయర్‌లోంచి ఒక చిన్న సీసా తీశారు, అందులోని మందు రెండు చుక్కలు ఇయర్‌బడ్ మీద వేసి ఆ లోహపు గొట్టం మీద రుద్దారు. తెల్లటి దూది గులాబీ రంగుకి తిరిగింది. నికెల్ బయటికి వస్తోంది అంటే ఆ మందు అలా రంగు మారుతుందట. డైమిథైల్‌గ్లయాక్సిమ్ దాని పేరు. నోరు తిరగదు, రెండుసార్లు అడిగి రాసుకున్నాను.

తర్వాత ప్యాచ్ టెస్ట్ చేశారు. ఇది చాలామందికి తెలీదు కాబట్టి చెప్తాను. సూదులేమీ ఉండవు. వీపు మీద ప్లాస్టర్ లాంటిది అతికిస్తారు, దానికి వరసగా చిన్న చిన్న గిన్నెల్లాంటివి ఉంటాయి. ఒక్కోదాంట్లో ఒక్కో పదార్థం కొద్దిగా. 48 గంటలు అలాగే ఉంచాలి, వీపు తడవకూడదు, చెమట పట్టే పనులు చెయ్యకూడదు. రెండు రోజుల తర్వాత తీసి చూస్తారు, ఇంకో రోజో రెండ్రోజులో ఆగి మళ్లీ చూస్తారు. ఏ పదార్థం ఉన్నచోట ఎర్రగా ఉబ్బి దురద పెడితే అది మనకి పడదన్నమాట. నాకు రెండు వచ్చాయి. నికెల్ గట్టిగా వచ్చింది. సువాసన పదార్థాల మిశ్రమం అని ఒకటి ఉంటుంది, అదీ వచ్చింది. ఆ మిశ్రమంలో దాల్చినచెక్కకి ఆ వాసన ఇచ్చే సినమాల్డిహైడ్ కూడా ఉంటుంది. నా ఫ్లేవర్ ఏంటో గుర్తుంది కదా.

ఇప్పుడు అసలు విషయం. వేప్‌కీ చర్మానికీ సంబంధం ఏంటి? నాకు అర్థమైనంత వరకు చెప్తాను.

వేప్‌లో పోసే ద్రవంలో ముఖ్యంగా నాలుగు ఉంటాయి. ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిసరిన్, నికోటిన్, ఫ్లేవర్లు. మొదటిదాన్ని పొట్టిగా పీజీ అంటారు. మనం నెలకి అద్దె కట్టే పీజీ కాదు లెండి. (నవ్వు) ఈ పీజీ క్రీముల్లో, మందుల్లో, తిండి పదార్థాల్లో కూడా వాడతారు. అందరికీ ఏమీ కాదు. కానీ కొంతమందికి ఇది చర్మాన్ని మండిస్తుంది, కొంతమందికి ఎలర్జీ తెప్పిస్తుంది. అమెరికాలో కాంటాక్ట్ డెర్మటైటిస్ డాక్టర్ల సంఘం ఏటా ఒక పదార్థాన్ని ఆ ఏటి ఎలర్జీ కారకంగా ప్రకటిస్తుంది. 2018లో ప్రకటించింది ఈ ప్రొపైలీన్ గ్లైకాల్‌నే. దీనికి ఇంకో గుణం ఉంది, తేమని లాక్కుంటుంది. వేప్ చేసేవాళ్లకి నోరు, గొంతు ఎండిపోయినట్టు అనిపించడానికి ఇదొక కారణం. ఎండితే పెదాలు నాకుతాం. నాకితే ఇంకా ఎండుతాయి.

రెండోది ఫ్లేవర్లు. "ఇది తినే వాటిల్లో వాడే ఫ్లేవరే కదా" అంటారు. తినడానికి పనికొచ్చేది కాయిల్ మీద వేడి చేసి పీల్చడానికి కూడా పనికొస్తుందని అర్థం కాదు. సినమాల్డిహైడ్ చర్మానికి బాగా తెలిసిన ఎలర్జీ కారకం. అలాగే కాయిల్ మరీ వేడెక్కితే ద్రవం మాడి ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటివి పుడతాయి. ఇవి కళ్లకీ ముక్కుకీ గొంతుకీ మంట పుట్టించేవి. ఫార్మాల్డిహైడ్ చర్మానికి ఎలర్జీ కారకం కూడా.

మూడోది లోహం. ద్రవాన్ని వేడి చేసే కాయిల్ చాలా పరికరాల్లో నైక్రోమ్‌తో చేస్తారు, అంటే నికెల్, క్రోమియం కలిపిన తీగ. బయటి తొడుగులో కూడా నికెల్ ఉండొచ్చు. చెమట తగిలితే నికెల్ కొద్దికొద్దిగా కరిగి చర్మంలోకి దిగుతుంది. ఈ-సిగరెట్ పట్టుకునే చేతికి నికెల్ వల్ల ఎగ్జిమా వచ్చిన కేసుల గురించి చర్మవ్యాధుల పత్రికల్లో డాక్టర్లు రాశారు. అంటే నాకొచ్చింది ఎక్కడా లేని వింత జబ్బేం కాదు. ఒకటి నిజాయితీగా చెప్పాలి, ఈ విషయంలో ఇప్పటిదాకా ఉన్నవి ఎక్కువగా ఇలాంటి ఒక్కో పేషెంట్ కథలే. వేప్ చేసిన ప్రతి ఒక్కరికీ ఇలా అవుతుందని నేను చెప్పడం లేదు. కానీ చిన్నప్పటి నుంచి గిల్టు నగలు పడనివాళ్లు, ఎగ్జిమా ఉన్నవాళ్లు, పెర్ఫ్యూమ్ కొట్టుకుంటే దద్దుర్లు వచ్చేవాళ్లు మీలో చాలామందే ఉంటారు. మీకు ఆ ప్రమాదం మిగతావాళ్ల కంటే ఎక్కువ.

మరి అన్నాళ్లు నాకు అనుమానం ఎందుకు రాలేదు? ఇక్కడే ఉంది కిటుకు. ఈ రకం ఎలర్జీ తగిలిన వెంటనే రాదు. ఒకటి నుంచి మూడు రోజుల్లో నెమ్మదిగా బయటపడుతుంది. వంకాయ తిన్న అరగంటకి దురద వస్తే వంకాయే అని తెలిసిపోతుంది. సోమవారం పట్టుకున్నదానికి బుధవారం దురద వస్తే, బుధవారం ఏం తిన్నానా అని వెతుక్కుంటాం. పైగా నేను దాన్ని రోజూ పట్టుకుంటున్నాను. అది లేని రోజు ఎలా ఉంటుందో నా చర్మానికి తెలిసే అవకాశమే ఇవ్వలేదు.

నాలుగోది నికోటిన్. దీని గురించి నాకు డాక్టర్ కంటే ముందు చెప్పాల్సిన మనిషి మా ఇంట్లోనే ఉంది. దానికి వస్తాను. ఒక్క మాట మాత్రం ఇక్కడ చెప్పేస్తాను. నికోటిన్ రక్తనాళాల్ని ఇరుకు చేస్తుంది, చర్మానికి రక్తం తక్కువ అందుతుంది, గాయాలు ఆలస్యంగా మానతాయి. అందుకే ప్లాస్టిక్ సర్జరీ చేసే డాక్టర్లు ఆపరేషన్‌కి కొన్ని వారాల ముందు నుంచే నికోటిన్ ఏ రూపంలోనూ తీసుకోవద్దంటారు. నా వేళ్ల మీద పగుళ్లు అంత తొందరగా మానకపోవడానికి ఇది కూడా తోడైంది అన్నారు డాక్టర్ గారు.

మీలో కొంతమంది ఇప్పటికే అనుకుంటూ ఉంటారు, "అక్కా, మంచి కంపెనీది, నికెల్ లేనిది, ఫ్లేవర్ లేనిది కొనుక్కుంటే సరిపోతుంది కదా" అని. నేనూ డాక్టర్‌ని అదే అడిగాను. సిగ్గు లేకుండా అడిగాను. ఆవిడ నా వేప్‌ని తిప్పి చూపించి, "దీని మీద ఏముందో చదువు" అన్నారు. ఒక పండు బొమ్మ, అర్థం కాని అక్షరాలు. అంతే.

మన దేశంలో ఈ-సిగరెట్ల మీద 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్స్ వచ్చింది, అదే ఏడు డిసెంబర్‌లో చట్టం అయ్యింది. తయారీ, దిగుమతి, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటనలు అన్నీ నిషేధం. అమ్మితే మొదటిసారి ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. నిల్వ ఉంచినా ఆరు నెలల దాకా జైలు గానీ, యాభై వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. అంటే ఇక్కడ దొరికే ప్రతి వేప్ దొంగచాటుగా వచ్చిందే. దాంట్లో ఏం పోశారో, నికోటిన్ ఎంతో, కాయిల్ దేంతో చేశారో అడగడానికి షాపు లేదు, బిల్లు లేదు, ఫిర్యాదు తీసుకునేవాడు లేడు.

మా పెద్దమ్మ కొడుకు ఇంగ్లండ్‌లో చదువుకుంటున్నాడు. అక్కడ చట్టప్రకారం అమ్ముతారు, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, నికోటిన్ మిల్లీలీటర్‌కి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. వాడి పారేసే రకాన్ని అక్కడ కూడా 2025 జూన్ 1 నుంచి అమ్మకూడదన్నారు. వాడితో మాట్లాడితే, "మాకు ఇక్కడ కనీసం లేబుల్ చూపించడానికైనా ఉంటుందక్కా, దురదొస్తే డాక్టర్‌కి ఆ డబ్బా చూపిస్తాం" అన్నాడు. నికెల్ మాత్రం లేబుల్ ఉన్నా లేకపోయినా నికెలే. చట్టప్రకారం కొన్నా నా వేళ్లకి వచ్చేది వస్తుంది.

ఈ నిషేధం వల్ల ఇంకోటి కూడా జరుగుతుంది, ఎవరూ డాక్టర్ దగ్గర నోరు విప్పరు. నాకూ ఆ భయం ఉంది. చెప్తే పోలీసులకి చెప్తారేమో, ఫైల్‌లో రాస్తారేమో, ఆఫీస్ ఇన్సూరెన్స్‌లో తెలుస్తుందేమో అని. డాక్టర్ గారిని ఇది కూడా అడిగాను. "పేషెంట్ నాకు చెప్పింది నా దగ్గరే ఉండాలి, అది నా వృత్తి ధర్మం. నేను పోలీసుని కాదు. నువ్వు చెప్పకపోతే మాత్రం నేను నీ లిప్ బామ్‌ని అనుమానిస్తూ కూర్చుంటాను" అన్నారు.

ఇప్పుడు మా అమ్మ దగ్గరికి వద్దాం.

ప్యాచ్ టెస్ట్ అయిన రోజు రాత్రి ఫోన్ చేశాను. చెప్పేశాను. అటువైపు నుంచి చాలాసేపు మాట లేదు. కట్ అయిందేమో అని రెండుసార్లు స్క్రీన్ చూసుకున్నాను. చివరికి అమ్మ ఒక్కటే అంది: "అయితే ఆరోజు డాక్టర్ గారికి నేను చెప్పింది అబద్ధమైందే."

తిట్టినా బాగుండేది.

కాసేపాగి, "దాంట్లో ఏముంటది?" అని అడిగింది. నికోటిన్ అన్నాను. అంటే ఏంది అంది. పొగాకులో ఉండేదే అమ్మా అన్నాను. అంతే, అప్పుడు కోపం వచ్చింది.

మీకు తెలీకపోవచ్చు, మా ప్రాంతమంతా పొగాకు. టంగుటూరు, కొండపి, పొదిలి, ఎక్కడ చూసినా బ్యారన్లు, వేలం కేంద్రాలు. అమ్మ పెళ్లికి ముందు నుంచీ పొగాకు కోతలకి వెళ్లేది. తెల్లారుజామున మంచు తడి ఆరకముందే ఆకు కొయ్యాలి. చంకలో పెట్టుకుని మొయ్యాలి. తర్వాత కర్రలకి అల్లాలి. ఆ ఆకు బంక చేతులకి పట్టి నల్లగా అయిపోతుంది, ఎంత తోమినా పోదు. ఆ చేత్తో అన్నం కలిపితే ముద్ద చేదు. కోతలు మొదలైన కొత్తలో తల తిరగడం, కడుపులో తిప్పడం, వాంతులు. ఎండ దెబ్బ అనుకునేవాళ్లట. మజ్జిగ తాగి పడుకునేవాళ్లట.

అది ఎండ దెబ్బ ఒక్కటే కాదు. తడి ఆకు మీది నికోటిన్ ఆ నీళ్లలో కరిగి చర్మం గుండా ఒంట్లోకి వెళ్తుంది. పొగాకు కోసేవాళ్లకి వచ్చే ఈ జబ్బుకి వైద్యంలో పేరే ఉంది, గ్రీన్ టొబాకో సిక్‌నెస్ అంటారు. ఒక్క చుట్ట కూడా కాల్చని మనిషికి పొగాకు విషం చేతుల గుండా ఎక్కడం అన్నమాట. నా వేప్ కూడా ఒకసారి బ్యాగ్‌లో కారింది. ఆ జిడ్డు చేత్తోనే తుడిచాను, వెంటనే కడుక్కోలేదు. ఆ సాయంత్రం తల తిరిగి వాంతి వచ్చినట్టయింది. క్యాంటీన్ బిర్యానీ పడలేదనుకున్నాను. అది నికోటినే అని నేను తేల్చి చెప్పలేను గానీ, నికోటిన్ ద్రవం చర్మం గుండా లోపలికి వెళ్తుందన్నది మాత్రం నిజం. అందుకే అది ఒంటి మీద పడితే వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే అసలు వాళ్లకి అందే చోటే ఉండకూడదు. పొరపాటున కొంచెం మింగినా ప్రాణం మీదికి వస్తుంది.

అమ్మ ఆరోజు ఫోన్‌లో అన్న మాట ఇది: "ఆ బంక నీ చేతులకి అంటకూడదనే కదే నిన్ను చదివించింది. నువ్వు డబ్బులిచ్చి అంటించుకున్నావా?"

దీనికి నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు.

సరే, మానేశాను. కానీ "ఆరోజే విసిరేశాను, మళ్లీ ముట్టుకోలేదు" అని చెప్పను, అది నిజం కాదు. మొదటి వారం చిరాకు, నిద్ర లేదు, ఆఫీసులో ఊరికే ఏడుపు. ఐదో వారంలో ఒక పెళ్లికి వెళ్లి అక్కడ ఇంకొకరిది తీసుకున్నాను. రెండు రోజులు. మూడో రోజు పొద్దున అద్దంలో చూసుకుంటే పెదాల అంచులు మళ్లీ ఎర్రగా ఉన్నాయి. అప్పుడు నమ్మకం కుదిరింది నాకు. డాక్టర్ గారికి అది కూడా చెప్పాను. నికోటిన్ మాన్పించడానికి చూయింగ్ గమ్, ఒంటి మీద అతికించే ప్యాచ్ లాంటివి ఉంటాయి. గమ్‌లో ఫ్లేవర్ ఉంటుంది, ప్యాచ్ అతికించిన చోట కొంతమందికి చర్మం ఎర్రబడుతుంది. నాలాంటి చర్మం ఉన్నవాళ్లు అవి కూడా డాక్టర్‌ని అడిగే వాడాలి. కేంద్ర ప్రభుత్వం వాళ్ల పొగాకు మానిపించే హెల్ప్‌లైన్ ఉంది, 1800 11 2356. ఫ్రీ కాల్. మాట్లాడటానికి ఎవరూ లేనప్పుడు అది పనికొస్తుంది.

ఇప్పుడు మీరు గుర్తుపెట్టుకోవాల్సినవి చెప్పేస్తాను, కావాలంటే స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి. పెదాలు, నోటి చుట్టూ, లేదా వేప్ పట్టుకునే చేతికి మాత్రమే దురద, మంట, పొట్టు ఉంటే, లిప్ బామ్ కంటే ముందు దాన్ని అనుమానించండి.

రెండు. మెడికల్ షాప్‌లో అడిగి క్రీమ్ రాసుకోవద్దు. ఇప్పటికే చాలారోజులుగా మొహానికి రాస్తుంటే, ఒక్కసారిగా ఆపినప్పుడు ఎర్రబడి పెరగొచ్చు. ట్యూబ్ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మూడు. మొహం, పెదాలు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా స్కిన్ డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

నాలుగు. విడి బ్యాటరీని తాళాలు, చిల్లరతో కలిపి జేబులో వెయ్యడం చాలా ప్రమాదం. షార్ట్ అయ్యి పేలితే తొడ కాలుతుంది. అలాంటి కేసులు చాలా దేశాల హాస్పిటళ్లలో చూశారు. అలా జరిగితే ఎమర్జెన్సీకి వెళ్లి "బ్యాటరీ పేలింది" అని స్పష్టంగా చెప్పండి. బ్యాటరీలోని రసాయనం వల్ల కూడా చర్మం కాలుతుంది, దానికి వైద్యం వేరు.

ఐదు. డాక్టర్ దగ్గరికి అమ్మానాన్నలతో వెళ్లాల్సి వస్తే, "నేను ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడొచ్చా?" అని అడగండి. ఇది అడగడంలో తప్పు లేదు. నాకు ఆరోజు ఈ ఒక్క వాక్యం తెలిసి ఉంటే రెండు నెలలు కలిసొచ్చేవి.

నా చెయ్యి ఇప్పుడు ఇలా ఉంది, చూడండి. దగ్గరగా చూపిస్తాను. పూర్తిగా మానడానికి రెండు నెలలు పైనే పట్టింది. నోటి దగ్గర పొక్కులు అంతకంటే ఆలస్యంగా పోయాయి, అది క్రీమ్ పుణ్యం. నికెల్ ఎలర్జీ మాత్రం ఒకసారి వస్తే పోయేది కాదట. ఇక జీవితాంతం గిల్టు నగలు, చవక వాచీలు చూసుకునే పెట్టుకోవాలి.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. అన్నం తింటుంటే అమ్మ నా కుడిచెయ్యి పట్టుకుని, వేళ్లు తిప్పి చూసింది. ఏమీ అనలేదు. ఇంకో గరిటె పప్పు వేసి వెళ్లిపోయింది. ఈ వీడియో చూపించినప్పుడు మాత్రం, "నేను డాక్టర్ దగ్గర అన్న మాట కూడా ఉంచు. నాలాంటి అమ్మలు కూడా వింటారు" అంది. అందుకే ఉంచాను.

మీలో ఎవరికైనా ఇలాంటిది ఉంటే, ఇవాళే ఒక ఫోటో తీసి పెట్టుకోండి, డేట్ రాసుకోండి, స్కిన్ డాక్టర్‌ని కలవండి. కలిసినప్పుడు మొత్తం చెప్పండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త. ఉంటాను మరి.